తిన్నని పడవ – మెలి తిరిగే నడుము

పడవ పందేన్ని ఒడ్డు మీద నిలబడి చూసేవారికి అందులోని కష్టం కనపడదు. సన్నగా, పొడుగ్గా ములుకులాంటి పడవ. అందులో ఒకరి వెనుక ఒకరుగా ఎనిమిదిమంది. ఎనిమిది తెడ్లు ఒక్కసారే నీటిలో మునుగుతాయి, ఒక్కసారే పైకి లేస్తాయి. ఎనిమిది వీపులు ఒక్కసారే ముందుకు వంగుతాయి, ఒక్కసారే వెనక్కు వాలుతాయి. పడవ మాత్రం బద్ద పెట్టి గీత గీసినట్టు తిన్నగా పోతుంది. “ఆహా! ఎంత పొందిక!” అనుకుని మనం టెలివిజన్ కట్టేసి కాఫీకి లేస్తాము.

కాని ఆ ఎనిమిదిమందిలో ఒక్కరిని విడదీసి చూడండి. ఆ మనిషి చేతిలో ఉన్నది ఒక్కటే తెడ్డు. అది పడవకు ఒక్క ప్రక్కనే ఉన్నది. రెండు చేతులూ ఆ ఒక్క తెడ్డునే పట్టుకుని ఉన్నాయి. తెడ్డు వేసిన ప్రతిసారీ నడుము అటే తిరుగుతుంది, భుజం అటే సాగుతుంది. పడవ ఎంత తిన్నగా పోతున్నదో, దాన్ని నడిపే ఒళ్ళు అంతగా మెలి తిరుగుతున్నదన్నమాట! నలుగురు ఎడమకూ నలుగురు కుడికీ మెలి తిరిగితేనే ఆ తిన్నదనం సిద్ధిస్తున్నది.

మరి ఏళ్ళ తరబడి ఇట్లా ఒక్క వైపే తిరిగిన ఒళ్ళు ఏమవుతుంది? కుడి కండరమూ ఎడమ కండరమూ ఒక్క తీరుగానే ఎదుగుతాయా? వెన్నెముక ఊరుకుంటుందా? పదిహేనేళ్ళ పిల్లవాణ్ణి ఈ ఆటలో పెట్టిన తల్లిదండ్రులు దిగులు పడవలసిన అవసరమున్నదా? వైద్యులూ, వ్యాయామశాస్త్రజ్ఞులూ చాలాకాలంగా తరచి చూస్తున్న ప్రశ్నలివి. వారికి దొరికిన సమాధానాలు మనం అనుకునేంత సూటిగా లేవు. అందుకే అవి వినదగినవి.

ఒంటి తెడ్డు, జంట తెడ్లు

రోయింగ్ అనే ఈ ఆటలో రెండు పద్ధతులున్నాయి. ఒక్కొక్కరు రెండేసి తెడ్లు, కుడిచేత ఒకటీ ఎడమచేత ఒకటీ, పట్టి నడిపితే దాన్ని స్కల్లింగ్ అంటారు. ఒక్కొక్కరు ఒక్కొక్క తెడ్డును రెండు చేతులతో పట్టి నడిపితే అది స్వీప్. మన సౌకర్యం కోసం జంట తెడ్ల పద్ధతి, ఒంటి తెడ్డు పద్ధతి అనుకుందాము. ఒంటి తెడ్డు పద్ధతిలో ఇద్దరు, నలుగురు, ఎనిమిదిమంది నడిపే పడవలుంటాయి. ఎనిమిదిమంది పడవలో చుక్కాని పట్టడానికీ, కేకలు వేసి హుషారు చేయడానికీ కాక్స్ అనే తొమ్మిదో మనిషి కూడా ఉంటారు.

ఎనిమిదిమంది పడవ పొడవు 17, 18 మీటర్లు. వెడల్పు చూడబోతే ఒక మనిషి కూర్చోవడానికి సరిగ్గా చాలుతుంది. నిబంధనల ప్రకారం దాని బరువు 96 కిలోలకు తగ్గకూడదు. ఒంటి తెడ్డు పొడవు సుమారు మూడు ముప్పాతిక మీటర్లు. పడవ అంచు నుంచి బయటకు చాచిన రిగ్గర్ అనే చట్రం చివర ఇరుసులాంటి పట్టు ఒకటి ఉంటుంది. తెడ్డు దానిలో ఇమిడి తిరుగుతుంది.

గోదావరి మీద తెడ్డు వేసే పడవవాళ్ళను చూసినవారికి ఇక్కడ రెండు వింతలు కనిపిస్తాయి. మొదటిది, పందెగాళ్ళు పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. గమ్యం వారికి కనపడదు, వెనుకబడినవారే కనపడతారు. అందుచేత పడవకు ఎడమ ప్రక్క వారికి కుడి ప్రక్క అవుతుంది. రెండవది, వారు కూర్చునే పీట కదలకుండా ఉండదు. చిన్న చక్రాల మీద ముందుకూ వెనుకకూ జారుతుంది. ఇంగ్లండులో 1829లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ – కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల పందెంలో ఈ జారుడు పీట 1873లో వచ్చింది. అంతవరకు ముఖ్యంగా చేతులదీ నడుముదీ అయిన ఆట దానితో కాళ్ళ ఆటగా మారిపోయింది.

అవును, ఇది కాళ్ళ ఆట! చేతుల బలంతో పడవ నడుస్తుందనుకోవడం పొరపాటు. తెడ్డు మీద పడే శక్తిలో సుమారు సగం కాళ్ళు ఇస్తాయి. మూడోవంతు దాకా నడుమూ వీపూ ఇస్తాయి. మిగిలిన కాస్తే భుజాలూ చేతులూ పెట్టేది.

ఒక్క తెడ్డు వేటు

ఒక్క వేటును నెమ్మదిగా నాలుగు ఘట్టాలుగా చూద్దాము.

మొదటి ఘట్టంలో మనిషి ముందుకు జారి, మోకాళ్ళు ముడుచుకుని, చేతులు చాచి, గొంతుక్కూర్చున్నట్టు ఉంటాడు. తెడ్డు రెక్క నీటిలో మునుగుతుంది. రెండవ ఘట్టంలో పాదాలతో ఎదుటి పలకను తన్ని కాళ్ళు చాపుతాడు. తొడ ముందువైపు కండరాలూ, పిరుదుల కండరాలూ ఒక్కుమ్మడిగా బిగుస్తాయి. ఆ తన్ను బలం తెడ్డుదాకా చేరాలంటే మధ్యనున్న నడుము వంతెనలా గట్టిగా నిలబడాలి. వెన్నెముకకు ఇరుప్రక్కలా మోకులవలె సాగిన కండరాలు చేసే పని అదే. కాళ్ళు చాలావరకు చాచుకున్నాక నడుము వెనక్కు వాలుతుంది. చివరకు రెక్కల క్రింది కండరాలూ, భుజాల కండరాలూ, దండ కండరాలూ కలిసి తెడ్డు పిడిని పొట్టదాకా లాగుతాయి. మూడవ ఘట్టంలో వెనక్కు వాలిన ఒళ్ళు ఇంకా వెనక్కు పడిపోకుండా పొట్ట కండరాలు ఆపుతాయి, తెడ్డు నీటి పైకి లేస్తుంది. నాలుగవ ఘట్టం విశ్రాంతి లాంటిది. చేతులు ముందు, నడుము తరువాత, కాళ్ళు చివర, వచ్చిన దారినే వెనక్కు మళ్ళుతాయి.

ఇదంతా ఒకటిన్నర సెకన్లలో జరిగిపోతుంది. పందెంలో నిమిషానికి 36 నుంచి 40 వేట్లు పడతాయి. 2017లో జర్మనీ పురుషుల జట్టు 2,000 మీటర్లను 5 నిమిషాల 18.68 సెకన్లలో ముగించింది. అంటే ఇంచుమించు రెండు వందల వేట్లు.

రెండు వందలే గదా అనకండి. అవి పందెంనాటివి. అభ్యాసంలో రోజుకు 20 కిలోమీటర్లు నడిపితే, వేటుకు 10 మీటర్ల లెక్కన రెండు వేల వేట్లు. ఏడాదికి 250 రోజులు నడిపితే అయిదు లక్షలు. అయిదు లక్షల సార్లు నడుము ఒకే వైపు తిరగడమంటే మాటలు కాదు.

లోపలి చెయ్యి, వెలుపలి చెయ్యి

ఒంటి తెడ్డు వేసేవారికి రెండు చేతులూ ఒకే పని చేయవు. తెడ్డు మనిషికి కుడి ప్రక్కకు చాచి ఉన్నదనుకోండి. పిడి కొసన ఎడమచెయ్యి ఉంటుంది. దీన్ని వెలుపలి చెయ్యి అంటారు. ఇరుసుకు దగ్గరగా కుడిచెయ్యి ఉంటుంది, అది లోపలి చెయ్యి. లాగే బరువులో పెద్దవాటా వెలుపలి చేతిది. నీటి పైకి వచ్చిన తెడ్డు రెక్క గాలికి అడ్డు తగలకుండా పడుకోబెట్టడం, మళ్ళీ మునిగేముందు నిలబెట్టడం, అంటే మణికట్టుతో పిడిని త్రిప్పే నేర్పు, లోపలి చేతిది. ఒక చెయ్యి కూలి, ఒక చెయ్యి కళాకారుడు!

పైగా తెడ్డు పిడి నేరుగా ముందుకూ వెనుకకూ కదలదు. అది ఇరుసు చుట్టూ విల్లులా వంపుగా తిరుగుతుంది. వేటు మొదట్లో పిడి ముందుకు పోతూ ఇరుసు వైపు జరుగుతుంది. దానితోపాటు మనిషి నడుము కుడికి తిరిగి, కాస్త కుడికి ఒరుగుతుంది. ఎడమ భుజం కుడి భుజంకంటె ముందుకు సాగుతుంది. ఎడమవైపు వీపు కండరాలు మరింత సాగదీసిన స్థితిలో పని ప్రారంభిస్తాయి. సరిగ్గా అదే క్షణంలో కాళ్ళ తన్ను బలమంతా నడుము మీద పడుతుంది. ఒరిగి, మెలి తిరిగి, వంగి ఉన్న నడుము మీద బరువు పడటమంటే ఎట్లాంటిదో, ఒక ప్రక్కకు ఒరిగి బియ్యపు బస్తా ఎత్తబోయినవారిని అడిగితే తెలుస్తుంది.

జంట తెడ్లవారికి ఈ బాధ లేదనుకుంటున్నారా? చాలావరకు లేదు. కాని వారూ సంపూర్ణంగా సమంగా లేరు. రెండు పిడులూ ఒళ్ళోకి వచ్చేటప్పుడు ఒకదానిమీదుగా ఒకటి దాటిపోతాయి. అందుచేత ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి క్రింద నడవక తప్పదు. ఇద్దరు అన్నదమ్ములు ఇరుకు గుమ్మంలో ఎదురుపడితే ఒకరు తగ్గవలసిందే గదా!

కండరం చెప్పే కబురు

ఏ కండరం ఎప్పుడు, ఎంతగా పనిచేస్తున్నదో కంటికి కనపడదు. మరి ఇవన్నీ ఎట్లా తెలిశాయి?

కండరం బిగిసేటప్పుడు అందులో సూక్ష్మమైన విద్యుత్తు పుడుతుంది. ఈ కథ ఇటలీలో కప్పకాళ్ళతో మొదలైంది. గాల్వానీ అనే శాస్త్రజ్ఞుడు కప్ప కండరాలకూ విద్యుత్తుకూ ఉన్న సంబంధాన్ని గురించి 1791లో ప్రకటించాడు. తన ఇష్టంతో కండరం బిగించిన మనిషిలో ఆ విద్యుత్తును 1849లో జర్మనీలో డ్యుబువా రేమాన్ కనిపెట్టి చూపాడు. ఇప్పుడు పని మరీ తేలికైంది. చర్మం మీద చిన్న బిళ్ళలు అంటిస్తారు. లోపలి కండరంలో పుట్టిన విద్యుత్తును అవి పట్టి, తెర మీద గీతలుగా చూపుతాయి. దీనికి ఎలక్ట్రోమయోగ్రఫీ అని పేరు. గుండెకు తీసే ఇ.సి.జి. మనందరికీ తెలిసినదే. ఇది కండరానికి తీసే ఇ.సి.జి. అనుకోవచ్చు.

అయితే ఈ గీతలు చదవడంలో ఒక మెలకువ ఉన్నది. గీత ఎత్తుగా లేచినంత మాత్రాన బలం అంత ఎక్కువని కాదు. చర్మం క్రింద కొవ్వు ఎక్కువున్నా, బిళ్ళ కాస్త అటూ ఇటూ జరిగినా గీత మారిపోతుంది. అలసిన కండరం అదే బరువు ఎత్తడానికి మరిన్ని కండరపు పోగులను పిలుచుకోవలసి వస్తుంది. అప్పుడు బలం పెరగకుండానే గీత పెరుగుతుంది. అందుకనే జాగ్రత్తగల పరిశోధకులు ప్రతి కండరాన్నీ ముందు దాని శక్తికొద్దీ బిగించమని, ఆ కొలతతోనే తరువాతి కొలతలను పోల్చుకుంటారు. కుడి కండరాన్ని కుడి కండరపు కొలతతో, ఎడమదాన్ని ఎడమ కొలతతో తూస్తారన్నమాట.

ఇట్లా చూస్తే ఏమి తేలింది? ఒంటి తెడ్డు వేసేవారి వీపు, కాళ్ళ కండరాలను పరీక్షించి ఇంగ్లండులోని పరిశోధకులు 2001లో ఒక వ్యాసం ప్రకటించారు. వెన్నెముకకు ఇరుప్రక్కలా ఉన్న కండరాల విద్యుత్తులో కుడి ఎడమల తేడా కనిపించింది. ఆ తేడా వారు తెడ్డు వేసే ప్రక్కతో ముడిపడి ఉన్నది. కాని కాళ్ళ బలంలో మాత్రం అట్లాంటి కుడి ఎడమల వ్యత్యాసం కనపడలేదు. తెడ్డు ఒక ప్రక్కనే ఉన్నా పాదాలు రెండూ పలకను తన్నుతూనే ఉంటాయి గదా! తరువాతి కాలంలో వ్యాయామయంత్రం మీద తెడ్డు వేయించి మోకాలి కదలికలనూ తుంటి కదలికలనూ కొలిచినప్పుడు ఇంకొక చిత్రం బయటపడింది. కుడి ఎడమల తేడా చాలామందిలో ఉన్నది, కాని అది వారు తెడ్డు వేసే ప్రక్కను బట్టి లేదు. అంటే కొంత వంకర పడవ నేర్పింది, కొంత వంకర మనతో పుట్టింది.

వంకర అంతా రోగం కాదు

ఇక్కడ ఒక్కక్షణం ఆగి మనల్ని మనం చూసుకుందాము. అద్దంలో సమంగా కనపడే ఈ శరీరం లోపల ఏమంత సమంగా ఉన్నది? గుండె ఎడమకు ఒరిగింది. కాలేయం కుడిన ఉన్నది. కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలుంటే ఎడమదానికి రెండే. వ్రాసే చెయ్యి ఒకటి, పట్టే చెయ్యి ఒకటి. చంటిబిడ్డను ఏ తల్లీ రెండు చంకలా సమంగా ఎత్తుకోదు. బడిపిల్లవాడు సంచీ వేసుకునే భుజం ఎప్పుడూ ఒకటే.

ఒళ్ళు చేసే పనిని బట్టి దిద్దుకుంటుంది. ఏళ్ళ తరబడి ఆడిన టెన్నిసు ఆటగాళ్ళలో బంతి కొట్టే చేతి ఎముక రెండవ చేతి ఎముక కంటె మందంగా ఉంటుందని ఎక్సురే చిత్రాలు చూపాయి. ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ యుద్ధనౌక ‘మేరీ రోజ్’ 1545లో మునిగిపోయింది. 1982లో దాన్ని పైకి తీశారు. అందులో దొరికిన అస్థిపంజరాలు కొన్నింటిలో భుజం ఎముక కొస తక్కిన ఎముకతో అతుక్కోకుండా విడిగా ఉండిపోయింది. చిన్ననాటి నుంచి బరువైన విల్లు లాగిన విలుకాళ్ళ గుర్తు అదేనని పండితులు భావించారు. చేసిన పని ఎముక మీద వ్రాలుగా మిగిలిందన్నమాట.

కాబట్టి వంకర కనబడగానే రోగమని బెంబేలు పడనక్కరలేదు. ఇంగ్లండుకు చెందిన స్టీవ్ రెడ్‌గ్రేవ్ 1984 నుంచి 2000 వరకు వరుసగా అయిదు ఒలింపిక్ పోటీల్లో బంగారు పతకం గెలిచాడు. ఆ అయిదూ ఒంటి తెడ్డు పందేలే! 1997లో మధుమేహం ఉన్నదని తెలిసిన తరువాత కూడా అతడు తెడ్డు దింపలేదు. పదహారేళ్ళపాటు ఒంటి తెడ్డుతోనే ప్రపంచాన్ని గెలిచిన ఒళ్ళు అది. ఒంటి తెడ్డు పట్టినవారందరి వెన్నూ పాడవుతుందని అనడానికి వీల్లేదు.

నొప్పి అనే దాపరికం

మరి చింత లేనేలేదా? ఉన్నది. ఈ ఆటలో అన్నింటికంటె తరచుగా వచ్చే బాధ నడుమునొప్పి. ప్రక్కటెముకల్లో సన్నని పగుళ్ళు రావడం రెండవ బెడద. అదేపనిగా పడే వత్తిడికి ఎముక కొంచెం కొంచెంగా అలసి, చివరకు వెంట్రుకవాసి చీలుతుంది.

నడుమునొప్పికి మెలి తిరగడం ఒక్కటే కారణమని చెప్పలేము. జంట తెడ్లవారికీ నడుమునొప్పి వస్తుంది. తెడ్డు లేకుండా గదిలో యంత్రం మీద అభ్యాసం చేసేవారికి మెలి తిరిగే పని బొత్తిగా లేదు. అయినా వారికీ వస్తుంది. 1981లో అమెరికాలో డ్రైసిగాకర్ అన్నదమ్ములు తయారుచేసిన కాన్సెప్ట్ 2 యంత్రం ఇప్పుడు దేశదేశాల వ్యాయామశాలల్లో ఉన్నది. వాన వచ్చినా, చలి వచ్చినా దానిమీద గంటలకొద్దీ లాగవచ్చు. ఆ గంటలకొద్దీ లాగడంలోనే ముప్పు ఉన్నది.

ఆ ముప్పు వచ్చే తీరు ఇది. తాజాగా ఉన్నప్పుడు మనిషి తుంటి దగ్గర వంగుతాడు, వెన్ను నిటారుగా ఉంటుంది. అలసిపోయేకొద్దీ తుంటి వద్ద వంగడం తగ్గి, నడుము దగ్గర గూనిలా వంగడం ఎక్కువవుతుంది. అప్పుడు కండరాలు మోయవలసిన బరువు వెన్నుపూసల మధ్యనున్న మెత్తల మీద, వాటిని పట్టి ఉంచే కట్ల మీద పడుతుంది. దీనికి ఒకవైపు మెలి కూడా తోడైతే చెప్పేదేమున్నది!

వివిధ దేశాల నిపుణులు కలిసి 2021లో ఈ నడుమునొప్పిని గురించి ఒక ఉమ్మడి ప్రకటన చేశారు. ఇదివరకు ఒకసారి నొప్పి వచ్చినవారు, తుంటి కీలు సరిగా వంగనివారు, ఉన్నట్టుండి అభ్యాసం పెంచినవారు, యంత్రం మీద ఒకే విడతలో అరగంటకు మించి లాగేవారు జాగ్రత్తగా ఉండవలెనని దాని సారాంశం. అందులో నాకు అన్నింటికంటె ముఖ్యంగా తోచినది వైద్యం కాదు, మనసుకు సంబంధించిన విషయం. ఆటగాళ్ళు నొప్పిని దాస్తారు! చెబితే జట్టులో చోటు పోతుందేమోనని భయం, పిరికివాడంటారేమోనని సిగ్గు. ఎనిమిదిమంది పడవలో ఒక్కడు ఆగితే తక్కిన ఏడుగురూ ఆగిపోవాలి. ఆ మొహమాటం ఒకటి. మొదటి రోజున చెబితే వారంలో పోయే నొప్పి, ఆరు నెలలు దాస్తే ఆటకే స్వస్తి చెప్పిస్తుంది. అందుచేత నొప్పి చెప్పిన పిల్లవాణ్ణి కసరకుండా వినే గురువు ఉండటం ఎన్ని మందులకైనా పై మాట.

పడవకు కూడా కుడి ఎడమల బాధ

ఒళ్ళు సంగతి ఇట్లా ఉంటే, పడవ సంగతి మరీ చిత్రం. కుడి, ఎడమ, కుడి, ఎడమ అని వంతులవారీగా తెడ్లు అమర్చడం పాత సంప్రదాయం. చూడటానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. కాని ఈ న్యాయంలో ఒక లొసుగున్నది.

ప్రతి తెడ్డూ వేటు మొదటి సగంలో పడవను కాస్త లోపలికి నొక్కుతుంది, రెండవ సగంలో కాస్త బయటకు లాగుతుంది. నలుగురి పడవలో మనుషులకు 1, 2, 3, 4 అని అంకెలు వేయండి. కుడివారు 1, 3. కూడితే 4. ఎడమవారు 2, 4. కూడితే 6. కూడికలు సమానంగా లేవు. అంటే ఒక ప్రక్క తెడ్లు మొత్తంమీద రెండవ ప్రక్కవాటికంటె కాస్త ముందున్నాయి. దానితో ప్రతి వేటుకూ పడవ ముక్కు ఒకసారి ఇటూ ఒకసారి అటూ, పాము తలలాగా, ఊగుతుంది. అంత ఊగుడూ వృథా శక్తే.

ఇప్పుడు 1, 4 లను ఒక ప్రక్కకూ, 2, 3 లను రెండవ ప్రక్కకూ వేయండి. అక్కడా 5, ఇక్కడా 5! ఊగుడు పోయింది. ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున మోటార్ సైకిళ్ళు చేసే మోటో గుజ్జీ కర్మాగారపు జట్టు ఈ అమరికతో నడిపింది. ఆ జట్టే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కాక్స్ ఉన్న నలుగురి పందెంలో బంగారు పతకం గెలిచింది. ఇద్దరు ఒకరి వెనుక ఒకరు ఒకే ప్రక్కన తెడ్డు వేయడం చూసినవారికి మొదట ఇదేదో అస్తవ్యస్తంగా తోచిందట అంటే ఆశ్చర్యమేమున్నది!

ఎనిమిదిమంది పడవకు లెక్క వేయడం పిల్లలకు ఆదివారంనాడు మంచి కాలక్షేపం. 1 నుంచి 8 వరకు కూడితే 36. ప్రక్కకు 18 రావాలి. 1, 4, 5, 8 ఒక ప్రక్క, 2, 3, 6, 7 రెండవ ప్రక్క వేసి చూడండి, సరిపోతుంది. ఇట్లాంటి అమరికలు మొత్తం నాలుగున్నాయని, కేంబ్రిడ్జిలో గణితాచార్యుడుగా ఉండి 2020లో కన్నుమూసిన జాన్ బారో 2009లో లెక్కగట్టి చూపాడు. మిగిలిన మూడింటినీ మీ ఇంటి పిల్లల చేత కనిపెట్టించండి.

ఇందులో నీతి ఏమిటంటే, పైకి సమంగా కనిపించేది లోపల వంకర కావచ్చు, పైకి వంకరగా తోచేది లోపల సమంగా ఉండవచ్చు. ఒళ్ళకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

మన నీళ్ళలో

ఇదంతా దొరల ఆట, మనకెందుకు అనేవారుంటారు. కలకత్తా రోయింగ్ క్లబ్బు 1858 నాటిది. మద్రాసు బోట్ క్లబ్బు 1867 నాటిది. అవి పెట్టింది దొరలే, నిజమే. కాని ఈనాడు తెడ్డు మనవాళ్ళ చేతిలో ఉన్నది. హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌లో ఎన్నోసార్లు జాతీయపు పోటీలు జరిగాయి. బజరంగ్‌లాల్ తాఖర్ 2010 ఆసియా క్రీడల్లో ఒంటరి పడవలో జంట తెడ్లతో దేశానికి బంగారు పతకం తెచ్చాడు. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన ఎనిమిదిమంది జట్టు వెండి పతకం గెలిచింది. ఇద్దరి పడవలోనూ నలుగురి పడవలోనూ ఒంటి తెడ్డుతో కంచు పతకాలు వచ్చాయి. కాబట్టి ఒంటి తెడ్డు నడుము కథ మన ఇంటి కథ కూడా.

ఆడపిల్లల సంగతి కూడా చెప్పుకోవాలి. ఒలింపిక్స్‌లో స్త్రీలకు ఈ ఆటలో ప్రవేశం 1976లో గాని దొరకలేదు. ఆక్స్‌ఫర్డ్ – కేంబ్రిడ్జి స్త్రీల పందెం పురుషుల పందెం నడిచే థేమ్స్ దారికే, అదే రోజున, 2015లో చేరింది. ఈనాడు మన అమ్మాయిలు కూడా తెడ్డు పడుతున్నారు. కనుక ఈ జాగ్రత్తలు వారికీ కావలసినవే.

సవ్యసాచి కావాలి

మరి చేయవలసినదేమిటి? ఏమీ బ్రహ్మవిద్య కాదు. పిల్లలకు మొదట జంట తెడ్లే నేర్పడం చాలా దేశాల్లో పద్ధతి. ఒళ్ళు ఎదిగే వయసులో రెండు ప్రక్కలా సమంగా పని పడటం మంచిది. పైగా ఒంటరి పడవ గొప్ప గురువు. ఒక చెయ్యి ఎక్కువ లాగితే పడవ వెంటనే ప్రక్కకు తిరిగి తప్పు చెబుతుంది. ఒంటి తెడ్డు పట్టాక కూడా కొంతకాలం ఈ ప్రక్క, కొంతకాలం ఆ ప్రక్క కూర్చోబెట్టవచ్చు. ఒడ్డున చేసే కసరత్తులో ఒంటికాలి మీద, ఒంటిచేత్తో చేసేవి చేర్చితే ఏ ప్రక్క వెనుకబడిందో తెలుస్తుంది. తుంటి కీలు బాగా వంగేటట్టు సాధన చేయాలి. యంత్రం మీద సుదీర్ఘంగా లాగవలసి వచ్చినప్పుడు మధ్యమధ్య లేచి నడుము సాచాలి. నొప్పి వస్తే ఆ రోజే చెప్పాలి.

మన భాషలో సవ్యసాచి అని ఒక చక్కని మాట ఉన్నది. ఎడమచేతితో కూడా బాణం సంధించగలవాడని అర్థం. అర్జునుడి పది పేర్లలో అది ఒకటి. రెండు చేతులా సమర్థుడైనవాణ్ణి ఈనాటికీ అట్లాగే పిలుస్తాము. విశేషమేమంటే, ఆ పేరు పెట్టుకున్నవాడు కుడిచేతిని మానుకోలేదు, దానికి ఎడమచేతిని తోడు చేర్చుకున్నాడు. పడవ పందెగాడికి కావలసినది కూడా అదే. అతని ఆట ఒక ప్రక్కకే ఉండవచ్చు. అతని సాధన మాత్రం రెండు ప్రక్కలా ఉండాలి.

ఈసారి పడవ పందెం చూసేటప్పుడు గీతలా పోయే పడవనే కాక, ఒక్క వీపును ఎంచుకుని చూడండి. అది ఏ వైపు తిరుగుతున్నదో, దాని ముందున్న వీపు ఏ వైపు తిరుగుతున్నదో గమనించండి. మీ ప్రక్కన కూర్చున్న పిల్లలకు 18 లెక్క ఒప్పచెప్పండి. వారిలో ఎవరైనా “అమ్మా, నేనూ తెడ్డు పడతాను” అంటే కాదనకండి. “మంచిది నాయనా, ముందు రెండు తెడ్లతో మొదలుపెట్టు” అనండి.